ఎనిమిది నిమిషాల దగ్గర దారి

మా కాలనీలో ఇల్లు చూసుకోవడానికి ఎవరొచ్చినా మేమందరం ఒకే మాట చెబుతాం: అన్నీ దగ్గరే. ఇందులో అబద్ధం లేదు. నా మందుల షాపు మెట్ల మీద నిలబడి మెడ కాస్త అటూ ఇటూ తిప్పితే పాల డిపో, లాండ్రీ, పిల్లల బడి, పళ్ళ డాక్టరు, సైకిళ్ళు బాగుచేసే షెడ్డు, అన్నీ కనిపిస్తాయి. వాటి దాకా నడవడం కన్నా ఇంటికి తాళం వేసుకోవడానికే ఎక్కువ సేపు పడుతుంది. ఇంత సుఖమైన చోట ఇరవై రెండేళ్ళుగా కాపురముంటూ, తన ఇల్లొక్కటే తనకు దూరమైపోయిన మనిషి ఒకాయన ఉన్నాడు. ఆయన మా బావ.

బావంటే మా అక్క భర్త. బస్సు డ్రైవరు. పెద్ద బస్సేమీ కాదు, ఇరవై నాలుగు సీట్ల బుల్లి బస్సు. రైల్వే స్టేషన్ దగ్గర బయలుదేరి, కాలనీలోకి వచ్చి, లోపలి వీధులన్నీ చుట్టబెట్టి, తిరిగి స్టేషనుకు పోతుంది. ఒక్కో చుట్టుకు గంట. పొద్దున ఆరు నుంచి మధ్యాహ్నం దాకా ఎనిమిది చుట్లు. ఎనిమిది సార్లూ ఆ బస్సు మా అక్కావాళ్ళ బాల్కనీ కిందనుంచే పోతుంది. ఆగదు. స్టాపు అవతలి మలుపులో ఉంది. అంటే మా బావ రోజుకు ఎనిమిది సార్లు ఇంటికొచ్చి, ఎనిమిది సార్లూ గడప తొక్కకుండానే వెళ్ళిపోతాడన్నమాట.

అక్కది ఆసుపత్రి లాండ్రీలో పని. మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పది దాకా. బావ డ్యూటీ దిగి ఇంటి తాళం తీసే వేళకు ఆమె అక్కడ దుప్పట్లు మడతపెడుతూ ఉంటుంది. ఆమె ఇల్లు చేరే వేళకు ఆయన నిద్రలో ఉంటాడు, పొద్దున నాలుగున్నరకే లేవాలి గనక. ఆయనకు సెలవు ఆదివారం, ఆమెకు బుధవారం. రోగుల పక్కలకు ఆదివారం అంటూ ఏముంటుంది? పిల్ల చిన్నగా ఉన్నప్పుడు, ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి కదా అని కావాలనే ఇలా పంచుకున్నారు. పిల్ల పెద్దదయ్యాక పొద్దుటి షిఫ్టు ఇమ్మని అక్క అడిగింది. అది సీనియర్లకన్నారు. తీరా అక్క సీనియరయ్యేసరికి ఆ పద్ధతే ఎత్తేశారు. "మీది కాపురమా, షిఫ్టుల మార్పిడా?" అని నేను వాళ్ళను ఎన్నిసార్లు ఏడిపించానో లెక్కలేదు. అక్క నవ్వేది. బావ నవ్వేవాడు కాదు. అసలు ఆ మనిషి నవ్వగా నేను చూడలేదు. నోట్లో నాలుక లేని మనిషి అంటారే, ఆ బాపతు. ఒక్క తిట్టుకోవడానికి మాత్రం ఆ నాలుక ఎక్కడినుంచో వచ్చేది. స్పీడు బ్రేకర్లు, రోడ్డుకు అడ్డంగా పెట్టిన కార్లు, మలుపులో చెత్త డబ్బా, వీటిమీద మాత్రం ధారాళంగా మాట్లాడేవాడు.

ఇక తువ్వాళ్ళ సంగతి చెప్పాలి. పిల్లకు మూడేళ్ళప్పుడు ఒకసారి జ్వరం పట్టుకుని వదల్లేదు. బావకు సెలవు దొరకలేదు. అప్పుడు అక్క ఒక ఉపాయం చెప్పింది. జ్వరం తగ్గితే బాల్కనీ తీగ మీద ఆకుపచ్చ తువ్వాలు ఆరేస్తాను, తగ్గకపోతే తెల్లది, మరీ ఎక్కువైతే ఎర్రది, బస్సు పక్కన పెట్టేసి వచ్చెయ్ అంది. నాలుగో చుట్టులో ఆకుపచ్చ కనిపించింది. ఆ రోజు స్టాపులో లేనివాళ్ళను కూడా ఆపి ఎక్కించుకున్నాడట. పిల్ల కోలుకుంది గానీ తువ్వాళ్ళు మాత్రం తీగ దిగలేదు. ఆకుపచ్చ అంటే లేచాను, బాగానే ఉన్నాను. తెల్లది అంటే ఒంట్లో కాస్త నలతగా ఉంది. పసుపుపచ్చ అంటే వచ్చేటప్పుడు పాలు పట్రా. ఎరుపు ఎప్పుడూ అవసరం పడలేదు. డ్యూటీలో ఉన్న డ్రైవరు ఫోను ముట్టుకుంటే ఉద్యోగానికే ఎసరు. కాబట్టి ఫోన్లు వచ్చి ఇంతకాలమైనా మా బావకు వార్తలన్నీ బట్టల తీగ మీదే వచ్చేవి.

ఇది కాక వాళ్ళకు రోజూ ఇరవై నిమిషాలు ఉండేవి. ఒంటిగంట దాటాక వచ్చే ఆఖరి చుట్టులో అక్క ఆ బస్సే ఎక్కి డ్యూటీకి వెళ్ళేది. డ్రైవరు పక్కన ఒంటి సీటు. ఆ సీటుకు సరిగ్గా పైన బోర్డు: డ్రైవరుతో మాట్లాడరాదు. వాళ్ళిద్దరూ ఆ మాటను ఎంత నిష్ఠగా పాటించారంటే, డిపో వాళ్ళు చూసుంటే ఇద్దరికీ బహుమతి ఇచ్చేవాళ్ళు. అక్క ఒళ్ళో సంచీ పెట్టుకుని రోడ్డు చూసేది. బావ కూడా రోడ్డు చూసేవాడు. ఇరవై నిమిషాల పాటు ఇద్దరూ కలిసి ఒకే రోడ్డు చూసి, స్టేషన్ దగ్గర విడిపోయేవాళ్ళు. "అదేం కాపురమే తల్లీ" అంటే అక్క, "పక్కన కూచున్నాం కదే, ఇంకేం కావాలి?" అనేది.

మూడేళ్ళ కిందట మా ఇంట్లో నీళ్ళ పైపులు పగిలి, నాలుగు రోజులు అక్కావాళ్ళింట్లో మకాం పెట్టాను. రెండో రోజు పొద్దున్నే నా శాలువా ఉతికి బాల్కనీలో ఆరేశాను. ఎర్ర శాలువా. నాకు ఆ తువ్వాళ్ళ గొడవ తెలుసు, తెలియక కాదు. కానీ నా శాలువా తువ్వాలు కాదు కదా అనుకున్నాను. ఏడింటికి కింద బ్రేకు కీచుమన్న చప్పుడు. తర్వాత మెట్ల మీద పరుగు. తలుపు తెరుచుకుంది. పళ్ళు తోముకుంటూ నేను, టీ వడగడుతూ అక్క. బావ గుమ్మంలో నిలబడి అక్కను తల నుంచి కాళ్ళ దాకా చూశాడు. తర్వాత తీగ మీద ఉన్నదాన్ని చూశాడు. తర్వాత నన్ను చూశాడు.  గ్లాసుడు నీళ్ళు తాగి, గ్లాసు బోర్లించి వెళ్ళిపోయాడు.  పదిహేడు మంది ప్రయాణికులను నడివీధిలో వదిలేసి వచ్చినందుకు డిపోలో సంజాయిషీ రాయించుకున్నారు. ఆ రోజు నుంచి నేను వాళ్ళ కాపురం మీద జోకులు తగ్గించాను. పూర్తిగా మానలేదు, అది నా వల్ల కాదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ తువ్వాళ్ళను తీగ మీంచి దించేయించినవాళ్ళలో నేనూ ఉన్నాను.

పోయినేడు కాలనీ పక్కనుంచి వెడల్పాటి కొత్త రోడ్డు పడింది. నా షాపు ముందునుంచే. మా కాలనీ సంఘం సెక్రటరీ గారు లెక్కల మాస్టారుగా చేసి రిటైరయినాయన. ఎడమచేతి వాచీ చూసుకోకుండా తుమ్మను కూడా తుమ్మడు గనక అందరం గడియారం మాస్టారు అంటాం, ఆయన వెనకాల. ఆయన నాలుగు రోజులు బస్సులో తిరిగి లెక్క తేల్చారు. బస్సు లోపలి వీధులు చుట్టకుండా కొత్త రోడ్డు మీద తిన్నగా పోతే స్టేషనుకు ఎనిమిది నిమిషాలు ముందే చేరుతుంది. పొద్దుటి రైలు అందుతుంది. డిపోకు అర్జీ పెడదామన్నారు. ఇంటికొక సంతకం. సంతకాల పుస్తకం ఎక్కడ పెడితే అందరికీ అందుబాటులో ఉంటుంది? అందరూ వచ్చిపోయే మందుల షాపులో. కొత్త స్టాపు ఎక్కడ వస్తుంది? అదే మందుల షాపు ముందు. మొదటి సంతకం నాది. పేరు కింద గీత కూడా గీశాను.

మూడో రోజు అక్క వచ్చింది, డ్యూటీకి పోయే ముందు.

"ఎక్కడ పెట్టాలే సంతకం?"

"చదివే పెడుతున్నావా అక్కా? బస్సు ఇంక మీ వీధిలోకి రాదు."

"తెలుసులేవే. ఆ వీధి మీద మీ బావ రోజూ ఎంత గోల పెడతాడో నువ్వు వినలేదా? బ్రేకరు బ్రేకరుకీ నడుం విరుగుతోందంటాడు. ఇంకా నాలుగేళ్ళ సర్వీసుంది. తిన్నని రోడ్డు మీద హాయిగా నడుపుకోనీ."

"మరి తువ్వాళ్ళో?"

పెన్ను ఆగింది. ఆగి, కాగితం మీద చిన్న చుక్క పడింది.

"పిల్లకు జ్వరమొచ్చినప్పుడు మొదలెట్టిన ఆట అది" అంది అక్క. "ఆ పిల్లకే ఇప్పుడొక పిల్ల. ప్రతిసారీ మెడ ఎత్తి చూడాలంటే ఆయనకు మాత్రం విసుగుండదూ? పాపం, నేను బాధపడతానని మానేసి ఉండడు."

సంతకం పెట్టేసింది. ఆ సాయంత్రమే బావ నడుం నొప్పికి మందు కోసం వచ్చాడు. పుస్తకం తెరిచే ఉంది. ఏదో వెతుకుతున్నట్టు వేలు పేజీ మీద కిందికి జరుపుతూ పోయి ఒకచోట ఆపాడు.

"మీ అక్క కూడా పెట్టిందే."

"నీకిష్టం లేకపోతే చెప్పు బావా. ఇప్పుడైనా కొట్టేయొచ్చు."

"ఎందుకు? రాత్రి పదకొండుకి పడుకుంటుంది. నా మొదటి ట్రిప్పు కోసం ఆరింటికే లేచి తువ్వాలు ఆరెయ్యాలి. ఇన్నేళ్ళుగా ఆవిడ నిద్ర సరిగా పోలేదు. ఇకనైనా పోనీ." ఇంత పొడుగు మాట చెప్పినందుకు తానే సిగ్గుపడ్డట్టు మందు ట్యూబు తిప్పి తిప్పి చూశాడు. "ఇది కొత్త స్టాకేనా? పాతది అంటగట్టడం లేదు కదా?"

ఇదుగో, ఇక్కడే నేను నోరు విప్పాల్సింది. ఆయనకు విసుగని ఆమె అనుకుంటోంది. ఆమెకు శ్రమ అని ఆయన అనుకుంటున్నాడు. రెండు మాటలూ నా చెవిలోనే పడ్డాయి. ఒక్క ఫోను చాలు. కాలనీలో ఎవరికి షుగరు ఎంతుందో ఎవరూ అడక్కుండానే చెప్పేదాన్ని, ఆ ఒక్క విషయంలో మాత్రం భార్యాభర్తల మధ్య నాకెందుకులే అని పెద్దమనిషి వేషం వేశాను. అసలు కారణం షాపు ముందు స్టాపు. ఇది నాకు అప్పుడూ తెలుసు. వాళ్ళ ఒక్క సంతకం లేకపోతే అర్జీ ఆగేది కాదు, నిజమే. రెండు వందల పై చిలుకు ఇళ్ళు పెట్టాయి. కానీ వాళ్ళ మనసు వాళ్ళకైనా తెలిసి ఉండేది కదా.

ఆఖరి రోజు తువ్వాలు ఏ రంగు ఆరేశావని అక్కనడిగాను. "ఆకుపచ్చే. ఇంకేం ఆరేస్తాను?" అంది, నా వైపు చూడకుండా. మర్నాటి నుంచి బస్సు కొత్త రోడ్డెక్కింది. గడియారం మాస్టారు స్టాపులో నిలబడి వాచీ చూసుకుని చప్పట్లు కొట్టారు. నా బేరాలు పెరిగాయి. బస్సు దిగినవాళ్ళు ఉత్త చేతులతో ఎందుకు పోవడమని తలనొప్పి మాత్రలైనా కొనుక్కుని పోయేవాళ్ళు.

ఒంటిగంటకు అక్క నా షాపు ముందే బస్సెక్కడం మొదలుపెట్టింది. అదే ఒంటి సీటు, అదే బోర్డు. ఒకరోజు బస్సు కదిలి వెళ్ళిపోతుంటే ఊరికే గోడ గడియారం చూశాను. ఇక్కణ్ణించి స్టేషనుకు పన్నెండు నిమిషాలు. అంతకు ముందు వాళ్ళకు ఇరవై ఉండేవి. కాలనీ అంతటికీ మిగిలిన ఆ ఎనిమిది నిమిషాలూ ఎవరి దగ్గరనుంచి తీసుకున్నామో అప్పుడు తెలిసింది. ఎవరో వచ్చి దగ్గు మందు అడిగితే మలాం ఇచ్చాను.

నెలా పది రోజులు గడిచాయి. ఒక సాయంత్రం గడియారం మాస్టారు వచ్చి గొంతు తగ్గించి అన్నారు: "అమ్మా, మీ బావగారి బస్సు ఒకచోట నడకలోకి దిగిపోతోంది. ఆ ఖాళీ స్థలం దగ్గర. అక్కడ స్టాపు లేదు, బ్రేకరు లేదు, సిగ్నలు లేదు. వెళ్ళేటప్పుడు నలభై సెకన్లు, వచ్చేటప్పుడు నలభై. ఆరు ట్రిప్పులు వాచీ పెట్టి చూశాను. డిపోకు రాసే ముందు మీరొకసారి అడిగి చూడండి. బండిలో లోపమా, మనిషిలోనా?"

మర్నాడు పొద్దున్నే వెళ్ళి ఆ ఒంటి సీట్లో కూచున్నాను. బోర్డు నాకు పట్టదు.

"బావా, నీ మీద ఫిర్యాదు" అన్నాను.

 బస్సు నెమ్మదించింది. రోడ్డు పక్కన ఖాళీ స్థలం. గోతులు తవ్వి ఉన్నాయి, ఇనుప ఊచలు కుప్ప పోసి ఉన్నాయి. ఆ వెనక మా అక్కావాళ్ళ బిల్డింగు, దాన్ని ఆనుకున్నట్టుగా పక్క బిల్డింగు. రెండూ ఒకే మేస్త్రీ కట్టినవి, వెనకవైపు నుంచి చూస్తే కవల పిల్లల్లా ఉంటాయి. బావ స్టీరింగు మీదికి వంగి, తల కాస్త వంచి చూశాడు. రెండో అంతస్తులో ఒక కిటికీలో ఆకుపచ్చగా ఏదో ఉంది. ఆయన ముఖంలో బిగువంతా వదిలిపోయింది.

"లేచింది" అన్నాడు, తనలో తాను అనుకుంటున్నట్టు.

"ఎవరు?"

"మీ అక్క. అదిగో. నిద్రపోతుందిలే అనుకున్నా. మానితేగా! బాల్కనీ ఇటు లేదని వెనక కిటికీకి మార్చింది."

"నీతో చెప్పిందా?"

"చెప్పడమేంటి? మొదటి రోజే కనబడింది."

"మరి నువ్వైనా అడగలేదా?"

"అడిగితే, శ్రమెందుకు మానెయ్ అనాలి. అనాలని లేదు." వెనకనుంచి ఎవరో హారన్ కొట్టారు. బస్సు వేగం అందుకుంది. "ఫిర్యాదేంటన్నావు?"

"ఏం లేదులే" అన్నాను.

స్టేషను దాకా వెళ్ళి, తిరుగు బస్సులో వచ్చి, షాపు కూడా తెరవకుండా అక్క దగ్గరికి పరిగెత్తాను. తలుపు తీసింది. అప్పుడే నిద్ర లేచినట్టుంది, జుట్టు కూడా ముడి వేసుకోలేదు.

"వెనక కిటికీలో తువ్వాలు ఆరేస్తున్నావుటగా? నాతో ఒక్క మాటైనా అనలేదేం?"

"ఏ వెనక కిటికీ?" అంది అక్క. "సామాన్ల గదిదా? అది తెరిచి ఏళ్ళయింది. బీరువా అడ్డం ఉంటే. మీ బావైతే ఆ గది గడపే తొక్కడు."

ఇద్దరం వెళ్ళి చూశాం. నిజమే, కిటికీకి అడ్డంగా పాత బీరువా, దాని మీద రెండు సూట్‌కేసులు. నేను ఎందుకడిగానో చెప్పలేదు. ఆమె నా ముఖం చూసి ఏదో పసిగట్టినట్టుంది, బీరువా అంచు పట్టుకుంది. ఇద్దరం కలిసి జరిపాం. గడియ తుప్పు పట్టి ఒక పట్టాన రాలేదు. తలుపు తెరుచుకున్నాక తల బయటికి పెట్టి చూస్తే, ఎదురుగా ఖాళీ స్థలం, దాని అవతల రోడ్డు. కుడి పక్కన, కవల బిల్డింగు రెండో అంతస్తులో, ఎవరి వంటింటికో ఆకుపచ్చ తెర. కాస్త వెలిసిపోయింది, కానీ ఆకుపచ్చే.

అంతలో రోడ్డు మీద బుల్లి బస్సు వచ్చింది. ఖాళీ స్థలం ముందు నడకలోకి దిగింది. మెల్లగా, మెల్లగా దాటింది. దాటాక వేగం అందుకుని పోయింది.

"ఆ బస్సెందుకలా పోతోంది? నేనెక్కినప్పుడూ ఇక్కడ ఇలాగే నెమ్మదిస్తుంది, బ్రేకరుందేమో అనుకున్నాను" అంది అక్క.

అప్పుడు చెప్పాను. పొద్దున బావ అన్నది, అర్జీ రోజుల్లో మందు ట్యూబు తిప్పుతూ అన్నది, నేను విని కూడా కడుపులో దాచుకున్నది, షాపు ముందు స్టాపు కోసం దాచుకున్నది, అన్నీ వరసగా చెప్పేశాను. అక్క బీరువాకు ఆనుకుని నిలబడి వింది.

"నెలా పది రోజులు" అంది చివరికి. "ఎవరి తెర చూసో నేను బాగున్నాననుకున్నాడు."

"పోనీలే అక్కా. సంతోషంగానే ఉన్నాడుగా. ఊరుకుంటే..."

"ఊరుకుంటే? రేపు నేను మంచం పట్టి లేవలేకపోయినా ఆయనకు ఆకుపచ్చే కనబడుతుంది." ఆమె గొంతు పెరిగింది. నేను మా అక్క గొంతు పెరగ్గా విన్నది తక్కువ. "అయినా అది కాదే. ఆయనకు విసుగని నేననుకున్నాను చూడూ! ఆ వీధిలోకి బస్సు రావడం మానేశాక పొద్దున ఆరింటికి మెలకువ వస్తే ఏం చెయ్యాలో తెలియక మళ్ళీ దుప్పటి కప్పుకుని పడుకుంటున్నాను. నిద్ర పట్టదు. ఆ బస్సు చప్పుడు కావాలి నాకు." కళ్ళు తుడుచుకుంది. తర్వాత నా వైపు తిరిగి, "నీకివన్నీ తెలిసి నోరు మెదపలేదుటే? ఊళ్ళో వాళ్ళ జాతకాలన్నీ చెబుతావే!" అంది.  చేతిలో గుడ్డ పెట్టి కిటికీ తుడవమంది. తుడిచాను.

మర్నాడు మధ్యాహ్నం షాపు మూసి నేను కూడా ఒంటిగంట బస్సెక్కాను. నాకక్కడ పనేమీ లేదు. చూడాలనిపించింది, అంతే. అక్క ఒంటి సీట్లో, నేను దాని వెనక సీట్లో. బస్సు కదిలింది. ఖాళీ స్థలం దగ్గర నెమ్మదించింది. బావ చూశాడు. నేనూ చూశాను. రెండు కిటికీల్లో రెండు ఆకుపచ్చలు పక్కపక్కనే ఉన్నాయి. బస్సు దాటిపోయింది. రెండు స్టాపులు గడిచాయి. అక్క ఎప్పటిలా రోడ్డే చూస్తోంది.

"పొద్దున్నుంచీ రెండు కనబడుతున్నాయి" అన్నాడు బావ.

ఇరవై రెండేళ్ళలో ఆ బోర్డు కింద ఆయన అక్కతో అన్న మొదటి మాట అది. అక్క ఒళ్ళోని సంచీ గట్టిగా పట్టుకుంది.

"మనదేది?"

"కుడి పక్కది."

"ఎప్పట్నించి?"

"ఇవాళ్టి నుంచే" అంది అక్క.

సిగ్నలు పడి బస్సు ఆగింది. మళ్ళీ దీపం మారింది. బస్సు కదల్లేదు.

"అయితే ఇన్నాళ్ళూ..."

"పక్క బిల్డింగు వాళ్ళ వంటింటి తెర."

వెనకనుంచి హారన్లు మొదలయ్యాయి. బావ భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమో అనుకున్నాను. ఏడవడం లేదు, నవ్వుతున్నాడు. చొక్కా చేత్తో కళ్ళు తుడుచుకుంటూ, గేరు మారుస్తూ, "వాళ్ళైనా రోజూ బాగానే ఉన్నారు, అదే చాలు" అన్నాడు. బస్సులో సగం మందికి ఏమీ అర్థం కాకపోయినా నవ్వారు, డ్రైవరు నవ్వడం వాళ్ళు కూడా ఎప్పుడూ చూడలేదు గనక.

"రేపట్నించి నిద్ర మానుకోకు" అన్నాడు నవ్వు ఆగాక.

"నా నిద్ర సంగతి నాకొదిలెయ్" అంది అక్క. "నాకు చూడాలనుంది. నువ్వు పోతుంటే చూడాలనుంది. విసుగైతే నువ్వు చూడకు."

"విసుగా?" అన్నాడు బావ.  మిగిలిన ఐదు నిమిషాలూ ఇద్దరూ ఎప్పటిలాగే రోడ్డు చూశారు.

స్టేషన్‌లో అక్క దిగిపోయింది. చుట్లు అయిపోయాయి, ఖాళీ బస్సును కాలనీ అవతలి డిపోలో పెట్టడానికి బావ వెనక్కి తెస్తుంటే నేనొక్కదాన్నే ముందు కూచున్నాను. ఖాళీ స్థలం రాగానే బస్సు మళ్ళీ నడకలోకి దిగింది. అక్క తువ్వాలు తియ్యడం మరిచిపోయినట్టుంది, అది కిటికీలో అలాగే ఉంది.

"ఇప్పుడే కదా బావా దిగింది అక్క. ఇంట్లో ఎవరున్నారని?"

"ఇల్లుంది కదా" అన్నాడు.

ఇది జరిగి మూడు నెలలైంది. సంతకాలయ్యాక ఆ పుస్తకాన్నే కాలనీ సంఘం బస్సు ఫిర్యాదుల పుస్తకం చేసింది, అది ఇప్పటికీ నా కౌంటరు మీదే ఉంది. బస్సు ఆలస్యమని రాయడానికి ఎవరొచ్చినా పెన్ను మాత్రం నాకు దొరకదు. గడియారం మాస్టారు తన పెన్ను తెచ్చుకున్నారు. ఆయన్ను లోపలికి పిలిచి, కుర్చీ వేసి, మొదటి నుంచీ అంతా చెప్పాను. ఆయన చాలాసేపు వాచీ చూసుకోలేదు. తర్వాత పెన్ను జేబులో పెట్టుకుని, "ఎనభై సెకన్లే కదమ్మా" అని లేచి వెళ్ళిపోయారు.

కానీ ఆ ఖాళీ స్థలానికి అర్జీ పెట్టడానికి లేదు. దాని సొంతదారు మంచివాడే. అక్కడ నాలుగంతస్తులు కడుతున్నాడట. కింద పెద్ద కిరాణా, పైన బట్టల షాపు. ఇక అన్నీ మరింత దగ్గరవుతాయని కాలనీలో అందరూ సంబరపడుతున్నారు. ఇప్పటికి పిల్లర్లు లేచాయి. వాటి సందుల్లోంచి కిటికీ ఇంకా కనిపిస్తోంది, ముక్కలు ముక్కలుగా. స్లాబు వచ్చే నెలలో వేస్తారట. ఆ మాట బావకు తెలుసు, అక్కకూ తెలుసు. ఈసారి ఇద్దరూ ఒకరితో ఒకరు చెప్పుకున్నారు కూడా. అక్క రోజూ ఆరింటికే లేస్తోంది. బావ అక్కడ బస్సును ఇంకా నెమ్మదిగా నడుపుతున్నాడు.